‘అదంతే’ అన్నకొద్దీ అడుగుతూనే ఉంటుంది

ప్రశ్న: మేడమ్, మా పాపకి నాలుగున్నరేళ్ళు, యూకేజీ చదువుతోంది. మేం కాకినాడలో ఉంటాం. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మావారిది క్యాంపుల మీద తిరిగే ఉద్యోగం, ఇంట్లో మా అత్తగారు ఉంటారు. పాప లేచిన దగ్గర్నుంచీ పడుకునేదాకా ప్రశ్నలే. పాలు ఎందుకు పొంగుతాయి, నీళ్ళు ఎందుకు పొంగవు, చందమామ మన బండి వెంటే ఎందుకొస్తాడు, బల్లి కింద ఎందుకు పడదు, సముద్రంలో ఉప్పు ఎవరు వేశారు. చెప్పినదానికి మళ్ళీ ఎందుకు అంటుంది. మొదట్లో ముచ్చటగానే ఉండేది. మొన్న పొద్దున్న బాక్సులు కట్టే టైంలో విసుగొచ్చి ‘నోరు మూస్తావా, చంపేస్తా’ అని అరిచాను. బస్సులో చెయ్యి లేని ఒకాయన్ని చూసి ‘ఆ అంకుల్ చెయ్యి ఎక్కడ పెట్టేశాడు’ అని గట్టిగా అడిగితే తల కొట్టేసినట్టయింది. స్కూల్ డైరీలో టీచర్ ‘ఎక్కువ ప్రశ్నలతో క్లాసు డిస్టర్బ్ చేస్తోంది’ అని రాసి పంపారు. ఆడపిల్లకి ఇన్ని ఆరాలేమిటని మా అత్తగారు అంటారు. నాలుగు నెలల క్రితం మా మావగారు పోయారు. పాపకి తాతయ్య ఊరెళ్ళారని చెప్పాం. రోజూ సాయంత్రం ఎప్పుడొస్తారని అడుగుతుంది, మొన్న ‘ఊరెళ్ళినవాళ్ళ ఫొటోకి దండ వేస్తారా’ అంది. ‘నాయనమ్మా, నువ్వు బొట్టెందుకు పెట్టుకోవట్లేదు’ అని అడిగితే ఆవిడ లేచి గదిలోకి వెళ్ళిపోయారు. ఈ ప్రశ్నలు తగ్గించే దారి ఏమైనా ఉందా? మా పాపలో ఏదైనా తేడా ఉందంటారా?
— ఒక అమ్మ, కాకినాడ

సమాధానం: ఆఖర్న అడిగినదానికి ముందు చెప్తాను. మీ పాపలో తేడా ఏమీ లేదమ్మా. ఆ వయసు పిల్ల ప్రశ్నే లేకుండా ముద్దపప్పులా కూర్చుంటే నేను కాస్త ఆలోచించేదాన్ని. అమెరికాలో నలుగురు చిన్నపిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడిన మాటల రికార్డులు, దాదాపు 230 గంటలవి, ముందేసుకుని ఒక పరిశోధకురాలు లెక్కగట్టి 2007లో ప్రచురించింది. మాటల్లో ఉన్నంతసేపూ గంటకి నూటికి పైగా ప్రశ్నలు తేలాయి. అందులో ఏదో ఒకటి తెలుసుకుందామని నిజంగా అడిగినవే సగటున 76. అంటే నిమిషానికి ఒకటి కంటే ఎక్కువ. మీరు ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి పడుకునేలోపు మీ మీద ఎన్ని పడుతున్నాయో చూసుకోండి, మీకు విసుగు రాకపోతేనే ఆశ్చర్యం.

తగ్గించే దారి ఉందా అంటే, ఉంది. కాకపోతే మీరు వెతుకుతున్న వైపు లేదు. మనం ఏమనుకుంటామంటే, జవాబు చెప్పేకొద్దీ పిల్ల ఇంకా అలుసు తీసుకుని అడుగుతుంది, ‘అదంతే’ అని కొట్టిపారేస్తే ఊరుకుంటుంది అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల మాటల మీద ఇదే చూశారు, 2009లో వచ్చింది ఆ పని. అడిగినదానికి కారణం చెప్తే పిల్లలు సరేనని ఒప్పుకోవడమో, దాని మీద ఇంకో అడుగు ముందుకు వేసి కొత్తది అడగడమో చేశారు. కారణం చెప్పకుండా దాటేస్తే అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, లేకపోతే తమకి తోచిన కారణం తామే కల్పించుకున్నారు. మీ ఇంట్లో రోజుకి ఇరవైసార్లు వినపడే ప్రశ్న నిజానికి ఇరవై ప్రశ్నలు కాకపోవచ్చు, జవాబు అందని ఒక్క ప్రశ్నే ఇరవైసార్లు తిరుగుతూ ఉండొచ్చు. ఒక్కసారి కూర్చుని తేల్చేస్తే అది పోతుంది. దాని చోట్లో ఇంకోటి వస్తుందనుకోండి, అది వేరే సంగతి.

మీ పాలగిన్నె సంగతే తీసుకుందాం. పొద్దున్న ఏడున్నరకి స్టవ్ మీద పాలు, పక్కన పప్పు, చేతిలో బాక్సు మూత, అప్పుడొస్తుంది ఆ ప్రశ్న. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. నీళ్ళు కాగినప్పుడు కింద బుడగలు పుట్టి పైకొచ్చి టప్పున పగిలిపోతాయి. పాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఉంటాయి, వేడికి అవి పైన పొరగా కడతాయి, మనం మీగడ అని తీస్తామే, దాని మొదలు అదే. కింద నుంచి వచ్చే బుడగలు పైన పగలలేక ఒకదాని మీద ఒకటి ఎక్కి గిన్నె దాటేస్తాయి. ఇంతే. ఇందులో ఆ పిల్లకి మీరు చెప్పాల్సింది రెండు ముక్కలు: ‘పాల మీద పొర కడుతుంది, బుడగలు దాన్ని తోసుకుంటూ పైకొస్తాయి. అదిగో చూడు, గరిటె పెట్టి కలిపితే దిగిపోయాయి.’ దూరంగా స్టూలు మీద నించోబెట్టి చూపించండి. పొంగే ముందు అంచుల్లో ముడతలు పడి ఎలా కదులుతుందో ఒకసారి చూసిన పిల్ల రేపట్నుంచి ప్రశ్న మానేసి ‘అమ్మా, పొర కట్టింది, పొంగబోతోంది’ అని మిమ్మల్నే పిలుస్తుంది. గ్యాస్ స్టవ్ మీద పాలు పొంగి ఆరిపోవడం మీ ఇంట్లో తగ్గితే ఆ పుణ్యం దానిదే.

మాంసకృత్తులు అనే మాట దానికి తెలుసా అని సందేహం వద్దు. ఒకటో రెండో కొత్త మాటలు పడితే ఏమీ కాదు, కానీ పాఠం చెప్పకండి. మనలో చదువుకున్నవాళ్ళకి ఇదో జబ్బు. పిల్ల ఒక చెంచా అడిగితే బిందె గుమ్మరిస్తాం, అది మధ్యలోనే బొమ్మ వెతుక్కుంటూ పోతుంది, మనకి కోపం వస్తుంది, అడిగి వినదు అని. అడిగినంతే చెప్పండి. ఇంకా కావాలంటే అదే అడుగుతుంది, ఆ విషయంలో మీ పాపని నమ్మొచ్చు!

ఇంకొకటి, జవాబు చెప్పేముందు అది అడుగుతున్నదేమిటో పట్టుకోండి. ‘సముద్రంలో ఉప్పు ఎవరు వేశారు’ అంది కదా, ఎవరు అంది చూశారా. ఆ వయసులో లోకంలో ఉన్న ప్రతిదాన్నీ ఎవరో ఒకరు, ఏదో ఒక పని కోసం చేసి పెట్టినట్టే ఉంటుంది. పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త 1920లలో ఒక ఆరేళ్ళ పిల్లవాడు పది నెలల్లో అడిగిన 1,125 ప్రశ్నలు ముందేసుకుని చూసింది ఇదే. కాబట్టి ‘ఎవరూ వేయలేదు’ అనే మొదటి జవాబే దానికి పెద్ద వార్త. ఆ తర్వాత ‘నువ్వేమనుకుంటున్నావు’ అని అడగండి. అది చెప్పేది వింటే మీకు నవ్వొస్తుంది, నవ్వకండి. తర్వాత చెప్పండి: వాన కొండల మీద పడి రాళ్ళని ఒరుసుకుంటూ వస్తుంది, రాళ్ళలో ఉండే ఉప్పు కొంచెం కొంచెం కరిగించుకుని ఏరుల్లో, గోదావరిలో కలిసి సముద్రంలోకి తెస్తుంది అని. వెంటనే ‘మరి గోదావరి నీళ్ళు ఉప్పగా లేవే’ అంటుంది. అనాలి కూడా, మంచి ప్రశ్న అది. నదిలో ఉండేది నాలుకకి తెలియనంత తక్కువ. సముద్రానికి వెళ్ళాక నీళ్ళు ఎండకి ఆవిరై మబ్బుల్లోకి పోతాయి, ఉప్పు మాత్రం పోలేదు, అక్కడే ఉండిపోతుంది, కోట్ల ఏళ్ళుగా అలా పోగుపడీ పోగుపడీ ఇప్పుడు లీటరు సముద్రపు నీళ్ళలో సగటున 35 గ్రాముల ఉప్పు ఉంది. నోటితో ఎంత చెప్పినా ఇది దానికి ఎక్కదు. ఆదివారం ఒక స్టీలు పళ్ళెంలో పలచగా నీళ్ళు పోసి, రెండు చెంచాల ఉప్పు దానిచేతే వేయించి కరిగించి, డాబా మీద ఎండలో పెట్టించండి. ఎండ బాగా ఉంటే సాయంత్రానికో మర్నాటికో నీళ్ళు పోయి పళ్ళెం అంచున తెల్లగా గరుకుగా మిగులుతుంది. వేలితో తీసి నాకి చూస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పుమళ్ళు చేసేవాళ్ళు చేసేదీ ఇదే అని చెప్పండి, ఎప్పుడైనా రైల్లో అటు వెళ్తే చూపించండి.

చందమామ సంగతి బండి మీదే తేలిపోతుంది. దగ్గర్లో ఉన్న కరెంటు స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరంగా ఉన్న తాడిచెట్లు నెమ్మదిగా పోతాయి, ఇంకా దూరంగా ఉన్నవి కదిలినట్టే అనిపించవు. చందమామ మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల పైన ఉన్నాడు, మనం రామారావుపేట నుంచి భానుగుడి దాకా వెళ్తే ఆయనకొక లెక్కా? అందుకే మనతో వస్తున్నట్టు ఉంటాడు. బల్లి కాళ్ళ కింద కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది, అది గోడని పట్టుకుంటుంది. ఇది కూడా అంతే, రెండు ముక్కలు.

తెలియకపోతే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ ఆ భయం చాలామంది తల్లిదండ్రుల్లో చూస్తాను. తెలియదు అనడానికి నామోషీ దేనికి? సముద్రం నీలంగా ఎందుకుంటుంది అని అడిగితే మనందరం చెప్పే జవాబు ఒకటుంది, ఆకాశం నీడ పడి అని. లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త చెప్పిందీ అదే. 1921లో ఓడలో మధ్యధరా సముద్రం మీద వెళ్తూ సి.వి.రామన్‌కి ఆ జవాబు మింగుడుపడలేదు. నీటి మీద మెరిసే ఆకాశపు ప్రతిబింబాన్ని ఒక పట్టకంతో అడ్డుకుని చూశాడు, అయినా నీలం పోలేదు. నీళ్ళే వెలుగుని చెదరగొడుతున్నాయని తేల్చాడు. (నీళ్ళు ఎరుపు వెలుగుని కొంచెం మింగేస్తాయి కూడా, అదీ ఒక పెద్ద కారణం.) ఆ దారిలోనే వెళ్ళి 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్. ఆయన చిన్నప్పుడు చదివింది మీకు దగ్గర్లోనే, విశాఖపట్నంలో, తండ్రి అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఇవన్నీ మీ పాపకి చెప్పమని కాదు, మీ కోసం చెప్తున్నాను. ముప్పై రెండేళ్ళ ప్రొఫెసరు అడిగిన ప్రశ్నా, మీ యూకేజీ పిల్ల అడిగే ప్రశ్నా ఒకటే. అయినా మీ పాప ఈ ప్రశ్న అడగకపోవచ్చు లెండి, కాకినాడ బీచ్‌లో సముద్రం నీలంగా ఎక్కడుంటుంది, గోదావరి బురదతో మట్టి రంగులో ఉంటుంది. ‘పుస్తకంలో నీలం వేశారు, ఇక్కడ మట్టి రంగెందుకు’ అని అడిగితే మాత్రం ఆశ్చర్యపోకండి.

తెలియనిది ఫోన్లో చూడొచ్చా అంటే, చూడొచ్చు. కానీ ‘పో, గూగుల్‌ని అడుగు’ అని ఫోన్ దాని చేతికిచ్చి పంపేస్తే రెండో నిమిషంలో కార్టూన్‌లో ఉంటుంది, ఆ సంగతి మీకూ తెలుసు. ముందు దాని ఊహ చెప్పించి, తర్వాత మీరు చూసి చెప్పండి.

ఇక విసుగు. మీరేమీ వింత తల్లి కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు ‘నన్నెవరికి దానం ఇస్తావు నాన్నా’ అని ఒకసారి కాదు రెండుసార్లు కాదు, మూడుసార్లు అడిగేసరికి యాగం చేస్తున్న తండ్రికి చిర్రెత్తి ‘నిన్ను యముడికిస్తా’ అనేశాడు. ప్రశ్న సబబైనదే, అందుకే అంత మండింది ఆయనకి. అరిచినందుకు మిమ్మల్ని మీరు కోసుకోకండి. కానీ ‘చంపేస్తా’ అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలైనా, నాలుగు నెలల క్రితం మనిషి పోయిన ఇంట్లో, ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ చెప్పని పిల్ల దగ్గర మాత్రం అనకండి. విసుగొస్తే విసుగొచ్చిందనే చెప్పండి. ‘ఇప్పుడు అమ్మకి పని ఉంది, చెవులు నొప్పెడుతున్నాయి, రాత్రి చెప్తాను.’ ఇలా అంటే పిల్లలు ఊరుకుంటారు, ఒక్క షరతు మీద, రాత్రి నిజంగా చెప్పాలి. రెండుసార్లు మాట తప్పితే ‘తర్వాత’కి విలువ పోతుంది. గుర్తుండదంటారా, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ గోడకి ఉంటుంది కదా, ఆ రోజు గడిలోనే ఒక మాట రాసేయండి: బల్లి. ఎక్కిళ్ళు. రాయడం అది చూడాలి, అదే ముఖ్యం. తన ప్రశ్న గోడకెక్కింది, ఎక్కడికీ పోదు అని తెలిస్తే మీ కొంగు వదులుతుంది.

అన్ని ప్రశ్నలూ తెలుసుకోడానికే కాదని కూడా గమనించండి. రాత్రి లైటు తీసేశాక మొదలయ్యేవాటిలో సగం నిద్ర తప్పించుకునే ఎత్తులు. అప్పుడు జవాబులు చెప్తూ కూర్చోకండి, ఏడు చేపల కథ అందుకోండి. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావు, ఆవు మేయలేదు. ఆవు దగ్గర్నుంచి పాలేరు, అవ్వ, ఏడ్చే పాప, చివరికి చీమ, ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’. ఎందుకు ఎందుకు అంటూ పోతే ఎక్కడో ఒకచోట చీమ దొరుకుతుందని పిల్లకి ఆటలో తెలుస్తుంది. మా వీధిలో ఒకావిడ ఈ కథనే తిప్పి, ప్రశ్నలు తను అడుగుతూ జవాబులు మనవడి చేత చెప్పిస్తుంది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి వాడికి ఆవులింతలొస్తాయి.

పగటిపూట వరసగా ఎందుకు ఎందుకు అంటూ, మీరు చెప్పేది వినకుండానే ఇంకోటి అడుగుతుంటే దానికి కావల్సింది జవాబు కాదు, మీరు. రోజంతా ఆఫీసులో ఉండి వచ్చారు. ఒడిలో కూర్చోబెట్టుకోండి, పది నిమిషాలు. అన్నట్టు, మీవారు క్యాంపుకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో ‘ఎక్కడికి నాన్నా’ అని అడిగితే ఇంట్లో కసురుతున్నారేమో చూసుకోండి. చాలా ఇళ్ళల్లో అపశకునమని కసురుతారు. తాతయ్య ‘ఊరెళ్ళి’ రాని ఇంట్లో నాన్న ఎక్కడికెళ్తున్నాడో అడగని పిల్ల ఉంటుందా?

బస్సులో ఆయన సంగతి. గిల్లడం, నోరు మూయడం వద్దు. పాప మాట ఆయన ఎలాగూ విన్నాడు, మీరు కంగారుపడి దాన్ని లాగేస్తే అదింకా ఎక్కువ గుచ్చుకుంటుంది. మామూలు గొంతుతో ‘కొంతమంది అలా పుడతారు, కొంతమందికి దెబ్బ తగిలితే డాక్టర్లు తీసేయాల్సి వస్తుంది, ఆయనకి ఎలా జరిగిందో నాకు తెలియదు’ అని చెప్పండి. ఆయన మనవైపు చూస్తే నవ్వి పలకరించండి. మిగతాది ఇంటికెళ్ళాక.

నేనెక్కడి నుంచి వచ్చాను అన్నది మీ పాప ఇంకా అడగలేదో, మీరు రాయలేదో గానీ వస్తుంది. నిన్ను తవుడిచ్చి కొన్నాం అని మనం తరతరాలుగా ఏడిపిస్తూనే ఉన్నాం. నవ్వుకోడానికి సరే, అది ఏడుస్తుంటే మాత్రం అక్కడితో ఆపేయండి. అమ్మ పొట్టలో గర్భసంచి ఉంటుంది, అందులో పెరిగావు, డాక్టరుగారు బయటికి తీశారు, ఇంతవరకు చాలు నాలుగున్నరేళ్ళకి.

టీచర్ రాసిన దానికి వద్దాం. మీ కోపం అర్థమైంది, కానీ ఆవిడ ముందు ఎంతమంది ఉంటారో కూడా చూడండి. లండన్‌లో నాలుగేళ్ళ ఆడపిల్లల్ని ఇంట్లోనూ నర్సరీ స్కూల్లోనూ గమనించి 1984లో ఇద్దరు పరిశోధకులు రాశారు, ఇంట్లో గంటకి సగటున 26 ప్రశ్నలు అడిగిన పిల్లలు స్కూల్లో రెండు అడిగారట. మంచి స్కూళ్ళలోనే సంగతి ఇది. స్కూలికి వెళ్ళగానే పిల్లలు తమంతట తామే నోరు కట్టేసుకుంటారు, మీ పాప ఇంకా కట్టుకోలేదు, నాకైతే సంతోషంగానే ఉంది. ‘క్లాసులో ఏమీ అడక్కు’ అని మాత్రం చెప్పి పంపకండి. ‘టీచర్ చెప్పడం అయ్యాక చెయ్యెత్తి అడుగు, అప్పుడు కుదరకపోతే ఇంటికి పట్రా’ అనండి. టీచర్ని ఒకసారి కలిసి ఈ మాటే ఆవిడకీ చెప్పండి, పోట్లాడకుండా. చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తేలికవి. మీ ఉత్తరంలో బరువంతా తాతయ్య దగ్గరుంది. రోజూ సాయంత్రం ఎప్పుడొస్తారని అడిగేది కుతూహలం కాదమ్మా, ఎదురుచూపు. ఊరెళ్ళినవాళ్ళు వస్తారు, నాన్న క్యాంపుకెళ్ళి వస్తాడు, తాతయ్య రాలేదు. దండ సంగతి అడిగిందంటే మీరు చెప్పింది నిజం కాదని దానికి సగం తెలిసిపోయింది. ఇంక ఆలస్యం చేయకండి. మీవారు ఇంట్లో ఉన్న రోజు, ఇద్దరూ కూర్చుని, తిన్నగా చెప్పండి: ‘తాతయ్య ఊరెళ్ళలేదు. తాతయ్య చనిపోయారు. నీకు బాధేస్తుందని మేం అప్పుడు చెప్పలేదు. చనిపోతే ఊపిరి ఆగిపోతుంది, గుండె ఆగిపోతుంది, ఆకలి ఉండదు, నొప్పి ఉండదు. మళ్ళీ రారు.’ చనిపోయారు అనే మాటే వాడండి. నిద్రపోయారు అంటే రాత్రి నిద్రపోడానికి భయపడతారు పిల్లలు. దేవుడి దగ్గరికి వెళ్ళారు అన్నది మీ నమ్మకమైతే చెప్పుకోండి, కానీ ‘మళ్ళీ రారు’ అన్న తర్వాతే చెప్పండి, లేకపోతే దేవుడి దగ్గర్నుంచి ఎప్పుడొస్తారని అడుగుతుంది. మావగారికి ఏం జబ్బు చేసిందో మీరు రాయలేదు. జబ్బుతో పోయుంటే ‘నీకొచ్చే జలుబు, జ్వరం లాంటిది కాదు, చాలా పెద్ద జబ్బు’ అని విడదీసి చెప్పండి, రేపు మీకు జ్వరమొస్తే అది వణికిపోకూడదు. ‘నేను అల్లరి చేసినందుకు వెళ్ళిపోయారా’ అని కొందరు పిల్లలు లోపల లోపల అనుకుంటారు, పైకి అడగరు. అది అడక్కపోయినా మీరే అనేయండి, నీ వల్ల కాదు అని.

ఏడవొచ్చు. ఏమీ పట్టనట్టు బొమ్మలతో ఆడుకోడానికి వెళ్ళిపోవచ్చు, అదీ మామూలే, ఆ వయసులో దుఃఖం అలా ముక్కలుముక్కలుగా వస్తుంది. ‘నువ్వు కూడా చనిపోతావా’ అని తప్పకుండా అడుగుతుంది. ఎప్పటికీ చనిపోను అని ఒట్టు వేయకండి. ‘అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు, ఎక్కువమంది చాలా ముసలివాళ్ళయ్యాక. నేను నీ దగ్గర చాలా ఏళ్ళు ఉంటాననే అనుకుంటున్నాను’ అంటే సరిపోతుంది. వారం పది రోజులు ఇదే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, రాత్రి అడిగింది పొద్దున్నే మళ్ళీ అడుగుతుంది. రాకపోవడం అంటే ఎప్పటికీ రాకపోవడం అని నాలుగేళ్ళకి ఒక్కసారిలో అర్థం కాదు. ప్రతిసారీ అదే మాట చెప్పండి, కొత్తకొత్తగా అలంకరించకుండా. నెలలు గడిచినా భయం తగ్గకపోయినా, నిద్రా తిండీ పాడైనా పిల్లల డాక్టర్ని అడగండి.

ఇదంతా చేసేముందు మీ అత్తగారితో మాట్లాడండి. ఆడపిల్లకి ఆరాలేమిటి అన్న మాట నాకూ నచ్చదు, ఇంకో సందర్భంలో అయితే గట్టిగానే రాసేదాన్ని. కానీ ఆవిడ నాలుగు నెలల క్రితం భర్తని పోగొట్టుకున్న మనిషి. తాతయ్య ఎప్పుడొస్తారని రోజూ సాయంత్రం ఆ ఇంట్లో వినపడుతుంటే, అబద్ధం కాబట్టి ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేకపోతుంటే, ఆవిడ ప్రశ్నలంటేనే విసుక్కోవడంలో వింతేముంది? పాపకి నిజం చెప్పబోతున్నాం అని ముందే ఆవిడకి చెప్పండి, ఆవిడ పక్కన ఉంటానంటే ఉండనివ్వండి, వద్దంటే వద్దు. తర్వాత తర్వాత తాతయ్య కబుర్లు పాపకి చెప్పాల్సింది ఆవిడే, మీకంటే ఆవిడకి ఎన్ని తెలుసో. పెరుగు ఎందుకు తోడుకుంటుంది, ఆవకాయలో అంత నూనె ఎందుకు అన్న ప్రశ్నలు కూడా ఆవిడ దగ్గరికే పంపండి.

మిగిలింది బొట్టు. మీ పాప అడిగిన ప్రశ్నలన్నిటిలో మనకి జవాబు లేనిది ఇదొక్కటే. పాలకీ సముద్రానికీ చందమామకీ కారణాలున్నాయి, దీనికి ఉన్నది ఆచారం మాత్రమే, ‘అదంతే’ తప్ప ఇంకేమీ చెప్పలేం, అందుకే ఆవిడ లేచి వెళ్ళిపోయారు. పుట్టినప్పటి నుంచీ పెట్టుకుంటున్న బొట్టు భర్త పోయాడని తీసేయడమెందుకో నాకూ ఏనాడూ అర్థం కాలేదు. పాపకి ‘తాతయ్య పోయాక పెట్టుకోకూడదని పూర్వం నుంచీ అంటున్నారు, నాకైతే నాయనమ్మ పెట్టుకుంటేనే ఇష్టం’ అని మీ మనసులో మాట చెప్పండి, మీకు నిజంగా అలా ఉంటేనే. ఉంటే ఆ మాట పిల్లతో చెప్పి ఊరుకోకండి. మీరూ మీవారూ ముందు ఒక మాట అనుకుని, ‘నీకు పెట్టుకోవాలని ఉంటే పెట్టుకో అమ్మా, ఎవరేమన్నా నేను చూసుకుంటాను’ అని మీవారి చేత చెప్పించండి. కోడలు చెప్తే ఒకలా ఉంటుంది, కొడుకు చెప్తే ఆవిడకి తేలిక. చుట్టాలేమంటారో అని ఆవిడ వెనకాడొచ్చు, ఇప్పుడే వద్దనొచ్చు, అసలు వద్దనీ అనొచ్చు. బలవంతపెట్టకండి. పెట్టుకున్నా మానేసినా, ఎందుకో పాపకి ఆవిడనే చెప్పనివ్వండి.